వన్‌టౌన్ తైలాల కొట్టు: వాము నూనెకు వెళ్లండి, పసుపు నూనె జోలికి పోకండి

ముందే చెప్పేస్తా. విజయవాడలో లవంగ నూనె, వాము నూనె కొనాలని ఎవరడిగినా నేను పంపేది ఈ కొట్టుకే. అదే కొట్టులో రూపాయి కూడా పెట్టొద్దని చెప్పే సీసాలూ ఉన్నాయి. తండ్రి అమ్మే సరుకు వేరు, కొడుకు అమ్మే సరుకు వేరు. డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను కాబట్టి మధ్యమధ్యలో పాఠం దొర్లుతుంది, ఓపిక పట్టండి.

కొట్టు కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందుల్లో ఉంది. కారు తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. సాయంత్రం పూట స్కూటీ పెట్టడానికి కూడా చోటుండదు, పంజా సెంటర్లో ఆటో దిగి నడిస్తే సుఖం. బోర్డు వెతుక్కుంటూ వెళ్తే దొరకదు, ముక్కును నమ్ముకుంటే దొరుకుతుంది. లోపల ఒక గోడకు అల్యూమినియం క్యాన్లు: వేపనూనె, కానుగ నూనె, ఆముదం, నువ్వుల నూనె. ఎదుటి గోడకు గోధుమరంగు గాజు సీసాలు: నీలగిరి, లవంగం, వాము, నిమ్మగడ్డి, తులసి, దాల్చినచెక్క. వీధి వైపు కొడుకు కొత్తగా పెట్టించిన అద్దాల అలమర. దాని సంగతి తర్వాత.

పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నూనె పేరు చెప్పగానే ఇచ్చేయడు. "పూతకా అమ్మా, ఆవిరికా, వాసనకా?" అని అడుగుతాడు. లోపలికి పుచ్చుకోవడానికి అన్నారంటే సీసా తిరిగి పైన పెట్టేస్తాడు. నా ముందే ఒకాయన పంటి నొప్పికి లవంగ నూనె తీసుకుంటూ, రెండు చుక్కలు మింగొచ్చా అని అడిగాడు. "మింగేదైతే డాక్టరు రాసివ్వాలి నాయనా. నేనిచ్చేది దూదికి తడిపి పంటి మీద పెట్టుకోడానికి" అన్నాడు పెద్దాయన. వచ్చిన బేరాన్ని ఇలా వెనక్కి తిప్పి పంపే వ్యాపారి ఈ బజారులో నాకింకా తగల్లేదు.

లవంగ నూనె అడిగితే ఆయన చేసే పని చూడ్డానికైనా వెళ్లొచ్చు. చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి, గాజు పుల్లను సీసాలో ముంచి, ఒక చుక్క వదులుతాడు. లేత పసుపు చుక్క కాసేపు నీటి మీద తటపటాయించి, గుండ్రంగా మారి, అడుక్కి దిగిపోతుంది. పక్కనే నీలగిరి చుక్క వేస్తే పైనే పలచగా పరుచుకుంటుంది. లవంగ నూనె నీటికన్నా బరువు, సాంద్రత 1.04 నుంచి 1.07 దాకా ఉంటుంది. అందులో 70 నుంచి 90 శాతం యూజినాల్ అనే ఘాటైన పదార్థం ఉండటమే దానికి కారణం. పారఫినో మరో తేలిక నూనో ఎక్కువగా కలిపితే చుక్క అలా దిగదు.

పరీక్ష బాగుంది కానీ దానికీ ఒక హద్దుంది. లవంగ చెట్టు ఆకుల నుంచి తీసిన నూనె కూడా ఇలాగే మునుగుతుంది. అది మొగ్గ నూనె కంటే బాగా చవక. అందులోనూ యూజినాల్ దండిగానే ఉంటుంది, మొగ్గ నూనెలో ఉండే యూజినైల్ ఎసిటేట్ అనే ఇంకో పదార్థం మాత్రం చాలా తక్కువ. ఆ తేడా గ్లాసు నీళ్లలో తెలియదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ) అనే పరీక్షలోనే తెలుస్తుంది. నూనెను ఆవిరి చేసి, సన్నటి పొడవాటి గొట్టం గుండా పంపితే అందులోని పదార్థాలు వేటి వేళకు అవి బయటికొస్తాయి. దేని శాతం ఎంతో కాగితం మీద కొండల్లా గీతలు పడతాయి. జీసీ-ఎంఎస్ అనేది దీనికే ఇంకో మిషను తోడైతే. ఏ కొండ ఏ పదార్థమో ఆ రెండోది చెబుతుంది.

ఈ కొట్టును నేను మెచ్చుకునేది ఇక్కడే. పెద్దాయన దగ్గర ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది. నూనె తీసి పంపే వాళ్లు ఇచ్చిన జీసీ రిపోర్టులన్నీ అందులో కుక్కి ఉంటాయి. అడిగితే తీసి చేతికిస్తాడు, ఫోన్లో ఫొటో తీసుకోనిస్తాడు. లవంగ నూనె రిపోర్టు మీది బ్యాచ్ నంబరు, క్యాను మీది నంబరు ఒకటే. యూజినైల్ ఎసిటేట్ మొగ్గ నూనెకు తగ్గట్టే ఉంది. వాముదీ అంతే, దాని ఘాటుకు మూలమైన థైమాల్ సగానికి దగ్గర్లో ఉంది. వాము నూనెలో థైమాల్ మామూలుగా 35 నుంచి 60 శాతం దాకా ఉంటుంది, మిగతాది చాలావరకు పారా-సైమీన్, గామా-టెర్పినీన్. నీలగిరి తైలానికి చూపించిన రిపోర్టు మాత్రం ఏనాటిదో, కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది. "సరుకు మారుతుంది గానీ తోట మారదమ్మా" అన్నాడు. తోట మారకపోయినా కోసిన కాలం, ఆరబెట్టిన తీరు, ఎంతసేపు ఆవిరి పట్టారన్నది మారితే నూనె మారిపోతుంది. ఆ మాట అంటే నవ్వి ఊరుకున్నాడు.

తులసి నూనె విషయంలో ఆ నవ్వు కుదరదు. తులసి పేరుతో దొరికే నూనెలన్నీ ఒకటి కావు. కొన్నింటిలో యూజినాల్ ఎక్కువ, కొన్నింటిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ. ఆకులు పక్కపక్కన పెడితే మీకూ నాకూ తేడా తెలియకపోవచ్చు. మిథైల్ యూజినాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో 'మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఏ వర్గంలోకి చేర్చింది. రోజూ పూజయ్యాక రెండాకులు నమిలేవాళ్లు కంగారు పడక్కర్లేదు, అది వేరే మోతాదు. గాఢమైన నూనెను నెలల తరబడి ఒంటికి రాసుకునేవాళ్లు మాత్రం ఆ బ్యాచ్ రిపోర్టు చూడకుండా కొనొద్దు. ఈ కొట్టులో తులసి రిపోర్టు వేరే బ్యాచ్‌ది. నేను కొనలేదు.

ఇక వాము నూనె. ఇది మా పిల్లల ప్రాజెక్టు పుణ్యమా అని బాగా తెలిసింది. ఫైనల్ ఇయర్ పిల్లలు ఈ కొట్టు నూనెలే తెచ్చి ల్యాబులో ప్లేట్లు వేశారు. ముల్లర్-హింటన్ అగర్ అనే పోషక జెల్లీ మీద బ్యాక్టీరియాను పూతలా పూసి, నూనె తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్ల మధ్యలో పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచుతారు. తెల్లారి బిళ్ల చుట్టూ ఎంత మేర బ్యాక్టీరియా పెరగలేదో కొలుస్తారు. మొదట అన్ని నూనెల బిళ్లలూ ఒకే ప్లేటులో పెట్టబోయారు, నేను వారించాను. ఈ నూనెలు ఆవిరవుతాయి, మూత కింద గాలి అంతా నిండి పక్క బిళ్ల లెక్క కూడా చెడగొడతాయి. ఒక్కో ప్లేటుకు ఒక్కో బిళ్లే పెట్టించా.

పుండ్లలో చీము పట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ ప్లేటు మీద వాము చేసిన పని చూసి పిల్లలు కేకలేశారు. మబ్బుపట్టినట్టున్న పూత మధ్యలో అంత మేరా అద్దంలా ఖాళీ. లవంగం కూడా బాగానే తుడిచింది. ఈ.కోలై మీద రెండూ కాస్త తగ్గాయి. సూడోమోనాస్ ప్లేటు మీద బ్యాక్టీరియా బిళ్ల అంచు దాకా నిక్షేపంగా పెరిగింది. నీలగిరి దేని మీదా పెద్దగా ప్రతాపం చూపలేదు.

ఈ వరస పుస్తకాల్లో ఉన్నదే. థైమాల్, యూజినాల్ రెండూ ఫినాల్ అనే రసాయనాల జాతివి. బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వులోకి దూరి దాన్ని సడలిస్తాయి, లోపలి అయాన్లు బయటికి కారిపోతాయి. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ వాటికి పై రక్షణ తక్కువ. ఈ.కోలై, సూడోమోనాస్ గ్రామ్ నెగటివ్‌లు, వాటికి ఇంకో బయటి పొర ఉంటుంది, నూనెను అంత తేలిగ్గా రానివ్వదు. సూడోమోనాస్ అయితే లోపలికొచ్చిన దాన్ని తోడి బయట పోసే పంపులు కూడా పెట్టుకుంది. నీలగిరిలో ముఖ్యమైన సినియోల్ ఫినాల్ కాదు, బ్యాక్టీరియా మీద దాని చెయ్యి బలహీనం. మందుల నాణ్యతకు ప్రమాణాలు చెప్పే యూరోపియన్ ఫార్మకోపియా లెక్కన మంచి నీలగిరి తైలంలో సినియోల్ 70 శాతానికి తగ్గకూడదు. అంత మంచిదైనా ముక్కు తెరుచుకోడానికి పనికొస్తుంది గానీ పుండు మీద వాముతో పోటీకి రాదు. జలుబుకు ఆవిరి పట్టడానికి నేను కొనేది నీలగిరే. ఈ కొట్టుది ఘాటుగా, శుభ్రంగా ఉంది.

ఇప్పుడు అద్దాల అలమర దగ్గరకొద్దాం. కొడుకు పెట్టిన సీసాలు చూడముచ్చటగా ఉంటాయి. డ్రాపర్ మూత, బంగారు రంగు అచ్చు, అట్టపెట్టె. పెట్టెలో ఓ కరపత్రం. దాని మీద '99.9 శాతం క్రిములు హతం', 'యాంటీబయాటిక్‌తో సమానం అని ల్యాబులో నిరూపితం'. ఏ ల్యాబు బాబూ అని అడిగితే ఫోన్ తీసి ఒక ప్లేటు ఫొటో చూపించాడు. వాము నూనె బిళ్ల, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల, రెండింటి చుట్టూ ఇంచుమించు ఒకే కొలత ఖాళీ.

"చూడండి మేడమ్, మనదే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ."

"జెంటామైసిన్ బిళ్లలో మందెంతుందో తెలుసా?"

తెలియదన్నాడు. ఆ బిళ్లల్లో ఉండేది 10 మైక్రోగ్రాములు. నూనె మామూలుగా 10 మైక్రోలీటర్లు పోస్తారు, అది బరువులో 9 మిల్లీగ్రాముల పైమాటే. అంటే దాదాపు 900 రెట్లు ఎక్కువ సరుకు పోసి, అదే కొలత ఖాళీ తెచ్చారన్నమాట. పైగా జెంటామైసిన్ అగర్ నీటిలో హాయిగా పాకుతుంది, నూనె నీటిలో పాకదు, ఆవిరై పైనుంచి కూడా పనిచేస్తుంది. ఇద్దరి పరుగూ ఒకే బాట మీద కాదు, కొలత ఒకటైనంత మాత్రాన సమానం అనడానికి వీల్లేదు. అతను శ్రద్ధగానే విన్నాడు. తర్వాత వెళ్లినప్పుడు చూస్తే కరపత్రం అదే.

ఆ అలమరలో నాకు అసలు మింగుడుపడనిది పసుపు నూనె. పెట్టె మీద 'దుగ్గిరాల పసుపు నుంచి ఆవిరి పద్ధతిలో తీసినది' అని ఒక వరస, దాని కిందే 'కర్‌క్యుమిన్ సమృద్ధి' అని ఇంకో వరస. 15 మి.లీ. 350 రూపాయలు. పసుపు గురించి గుంటూరు, కృష్ణా వాళ్లకు చెప్పేదేముంది, దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు పేరు చెబితే చాలు ఎవరైనా కొనేస్తారు. కానీ ఆ రెండు వరసలూ ఒకే సీసాలో నిజం కాలేవు. పసుపు కొమ్ములకు ఆవిరి పడితే వచ్చే నూనెలో ఉండేవి టర్మెరోన్లు, ముఖ్యంగా ఏఆర్-టర్మెరోన్. వాసన వాటిదే, బ్యాక్టీరియా మీద ఆ నూనె చూపే కొద్దో గొప్పో ప్రభావమూ వాటిదే. రంగునిచ్చే కర్‌క్యుమిన్ ఆవిరితో పైకి రాదు, కొమ్ములోనే ఉండిపోతుంది.

సీసా ఇంటికి తెచ్చి చూశా. నూనె చిక్కగా, ముదురు పసుపుగా ఉంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఫ్యాను కింద పెట్టా. పెద్దాయన ఇచ్చిన వాము నూనె చుక్క కూడా పక్కనే వేశా. కాసేపటికి వాము చుక్క ఆనవాలు లేకుండా ఎగిరిపోయింది. పసుపు నూనె చోట వెలుతురు కనబడేంత జిడ్డు మరక, చుట్టూ పసుపు వలయం. మరుసటి రోజూ అలాగే ఉంది. ఇంట్లో అత్తగారి తమలపాకుల డబ్బాలో సున్నం ఉంటే వేలికొసతో కాస్త తీసి ఆ వలయానికి రాశా. పారాణి కలిపినప్పటిలా ఎర్రబడింది. అంటే కర్‌క్యుమిన్ ఉంది. ఉంది కాబట్టే అది ఆవిరి పట్టి తీసిన నూనె కాదు, ఏదో వంటనూనెలో పసుపు నానబెట్టి వడకట్టింది. అలాంటి నూనె తప్పేం కాదు, మన ఇళ్లలో నువ్వుల నూనెతో కాచుకుంటూనే ఉన్నాం. దానికి ఆవిరి నూనె ధర ఎందుకివ్వాలన్నదే నా గొడవ. అత్తగారైతే "బోలెడు పసుపు కొమ్ములొచ్చేవి కదే ఆ డబ్బుకి" అని అక్కడితో తేల్చేశారు.

టీ ట్రీ నూనె కూడా ఆ అలమరలోనే ఉంది. ఆస్ట్రేలియా చెట్టుది, పెద్దాయన దాన్ని ముట్టడు. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం అందులో టెర్పినెన్-4-ఓల్ 35 నుంచి 48 శాతం మధ్య ఉండాలి. బ్యాక్టీరియా మీద పనిచేసేది అదే. సీసా మీద ఆ అంకె లేదు, రిపోర్టు అడిగితే వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు కొడుకు, పంపలేదు. అంతకంటే పెద్ద తప్పు, అలమర పడమటి ఎండకు ఎదురుగా ఉంది. బెజవాడ మే నెల ఎండలో అద్దాల వెనక పెట్టిన టీ ట్రీ నూనె గాలి, వెలుతురు తగిలి ఆక్సీకరణ చెందుతుంది, పారా-సైమీన్ పెరుగుతుంది, అలాంటి పాత నూనె చర్మానికి దద్దుర్లు తెప్పిస్తుంది. తండ్రి సీసాలు నీడ గోడకు ఎందుకున్నాయో కొడుకు ఒకసారి అడిగి తెలుసుకుంటే బాగుండు.

డ్రాపర్ మూత గురించీ చెప్పాలి. లవంగ నూనె అలాంటి సీసాలో పోయించుకున్నా. కొన్నాళ్లకు రబ్బరు బుడ్డి ఉబ్బి, మెత్తబడి, వేలికి జిగురులా అంటుకుంది. నూనెలో కూడా రబ్బరు వాసన. యూజినాల్ రబ్బరును తినేస్తుంది. మార్చమంటే, తెరిచిన సీసా వెనక్కి తీసుకోం అన్నాడు కొడుకు. లోపలున్న పెద్దాయన విని, మామూలు బిగుతు మూత, కొత్త సీసా, కొత్త నూనె ఇచ్చి పంపాడు. డబ్బు పుచ్చుకోలేదు.

మీరు వెళ్తే పెద్దాయనతో మూడు పువ్వుల మందు కలిపించుకోండి. కర్పూరం, ఓమ పువ్వు, పుదీనా పువ్వు. ఓమ పువ్వంటే వాము నూనెలోని థైమాలే గడ్డకట్టి పలుకులైనది, పుదీనా పువ్వంటే మెంథాల్. మూడూ పొడి పలుకులే. సీసాలో వేసి బిరడా పెట్టి ఊపుతుంటే, నీటి చుక్క కూడా కలపకుండా, మీ కళ్ల ముందే అంచులు కరిగి, తడిసి, పలచటి ద్రవమైపోతుంది. కలిస్తే వాటి కరిగే ఉష్ణోగ్రత గది వేడి కన్నా కిందికి పడిపోతుంది. మా పిల్లలకు కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద గీసిన గ్రాఫు కంటే ఇది బాగా ఎక్కింది. తలనొప్పికి కణతల మీద ఒక చుక్క చాలు. కర్పూరం, మెంథాల్ మీద కృష్ణా జిల్లా వాళ్లకు ఎప్పటినుంచో చూపుంది. ఎలకుర్రు నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లోనే.

పసిపిల్లల ముక్కు దగ్గరకు మాత్రం ఇవేవీ తీసుకెళ్లకండి. కర్పూరం, నీలగిరి తైలం పొరపాటున కడుపులోకి పోతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పెద్దాయన సీసా ఇస్తూ ఈ మాట తప్పకుండా చెబుతాడు. వేపనూనె నులిపురుగులకని పసివాళ్లకు పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, అదీ ప్రాణం మీదికి తెచ్చే పనే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వేళ్ల సందులు తెల్లగా నాని పగిలిన కాళ్లతో జనం ఈ కొట్టుకూ వచ్చారట. వాము నూనె అడిగితే అలాగే రాసుకోవద్దని, కొబ్బరి నూనెలో కలుపుకోమని, ముందు కాళ్లు పొడిగా ఉంచుకోమని చెప్పి పంపానన్నాడు పెద్దాయన. సరైన మాటే. వాము నూనె నేరుగా తగిలితే చర్మం మండిపోతుంది. చెంచాడు కొబ్బరి నూనెకు ఒక్క చుక్క వేస్తే సుమారు ఒక శాతం అవుతుంది, అది చాలు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, షుగరున్నా నూనెల జోలికి పోకుండా డాక్టరు దగ్గరకెళ్లండి.

ఇల్లు తుడవడానికి నిమ్మగడ్డి నూనె కొంటే అదీ నీటిలో కలవదని గుర్తుంచుకోండి. బకెట్లో చుక్కలు వేస్తే పైనే తేలి, తుడుపు గుడ్డ తగిలిన చోట ఒక్కచోటే అంటుకుంటుంది. ముందు కాస్త లిక్విడ్ సోపులో కలిపి ఆ తర్వాత నీళ్లలో పోయండి. ల్యాబులో మేమూ ట్వీన్-80 అనే సబ్బులాంటి పదార్థంతోనే కలుపుతాం. నిమ్మగడ్డి నూనెలో 70, 80 శాతం ఉండే సిట్రాల్ వాసనే ఇల్లంతా నిలుస్తుంది.

ధరలు: లవంగ నూనె 10 మి.లీ. 150 రూపాయలు, వాము అంతకంటే కాస్త తక్కువ, నీలగిరి 100 మి.లీ. 220. సీసా మీరే తీసుకెళ్తే పది రూపాయలు తగ్గిస్తాడు, గాజుదే అయ్యుండాలి. ఫోన్‌పే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పెద్దాయన భోజనానికి వెళ్తాడు, ఆ వేళ కొడుకే ఉంటాడు, ఫైలు తాళం అతని దగ్గర ఉండదు. ఐదుకు మూడున్నర ఇస్తున్నా. పసుపు నూనె పెట్టె మీద ఒక వరస కొట్టేసి, అలమర నీడకు జరిపి, నీలగిరికి కొత్త రిపోర్టు తెప్పిస్తే నాలుగున్నర చేస్తా.